సిపాయి వేషంలో దొరికిపోయాను

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు భరించలేకపోతుంటే, నేనే పెద్దమనసు చేసుకుని బడి మానేశాను. అందుకే మొన్న నా భార్యతో కలిసి కుప్పంలో బావమరిది ఇంటికి పోయినప్పుడు, చదువుకునే పిల్లలు ఆటకు పిలిస్తే జంకాను. తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. బావమరిది కూతురు ఇందు నాకు యుద్ధంలో మనసు చెదిరిన సిపాయి పాత్ర ఇచ్చింది.

ఇంకేం, జుట్టు పీక్కుని, గుడ్లు తిప్పి, ఇకిలించాను. అందరూ పడీపడీ నవ్వారు, ఇందు తప్ప.

"మామా, వాడు పిచ్చోడు కాదు, బెదిరిపోయిండాడు. కోట వాకిలి దాటలేకుండాడు. యాల దాటలేడో చెప్పు."

జోకు వేద్దామనే నోరు తెరిచాను.

"ఆడికి పోతే కొమ్మ ఇరిగిన సప్పుడు ఇనిపిస్తాది. నిజంగా ఏమీ ఇరగదు. అయినా కాళ్లు ముందుకు రావు" అన్నాను.

అది సిపాయి మాట కాదు. ఆర్నెల్ల కింద రామకుప్పం దగ్గర మా రాగి చేలో ఒక ఏనుగు నా పక్కనే పనస కొమ్మ విరిచింది. అప్పటి నుంచి మోకాలి నొప్పని సాకు చెప్పి చేనికి పోవడం మానేశాను. నా భార్యే ఒంటరిగా పోయి వస్తోంది. గడప దగ్గర అనపకాయలు ఒలుస్తున్న ఆమె చేతులు నా మాటకు ఆగిపోయాయి.

నా పేరున చెప్పుకోలేని భయాన్ని ఆ సిపాయి పేరున చెప్పేశాను. సిగ్గేసింది, గుండె తేలికపడింది కూడా.

తిరుగు బస్సులో ఆమె అడిగింది: "అయితే ఇన్నాళ్లూ నీ మోకాలికి నేను రుద్దిన నూనె యాడికి పోయిందప్పా?"