గూడ్సు బండి పంచమం

సన్నాయిలో కింది స్వరాలు ఊదేవాళ్ళు మనుషులనీ, పై స్వరాలు ఊదేవాళ్ళు ఏకంగా దేవతలనీ నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు కొత్తగా వచ్చాయి. నా ఈడు పిల్లలంతా ఫోన్లో ముఖాలు చూసుకుని మురిసిపోతుంటే నేను మాత్రం అద్దంలో నా బుగ్గలు చూసుకుని దిగులు పడేదాన్ని. ఊదీ ఊదీ అవి పూరీల్లా పొంగిపోతాయని మా మామ్మ పెట్టిన భయం అది. (అప్పుడేమీ పొంగలేదు. ఇప్పుడు కొంచెం పొంగాయి గానీ, దానికి కారణం సన్నాయి కాదు, పూరీలే.) మాది ఆమదాలవలస, రైలు గేటు పక్కన ఇల్లు. నాన్నది సన్నాయి, డోలు మావది డోలు. డోలు మావంటే మా అమ్మ తమ్ముడు. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా వీళ్ళ మేళమే. నాన్న నాకు చిన్నప్పటి నుంచీ సన్నాయి నేర్పాడు గానీ, అది మా నాలుగు గోడల మధ్య మాటే. నన్ను కూడా మేళంలో కూర్చోబెట్టమని ఎప్పుడడిగినా "సూద్దాంలే" అనేవాడు. మా నాన్న "సూద్దాంలే" అన్నాడంటే ఆ పని ఈ జన్మకి లేనట్టే.

పెళ్ళిలో గట్టిమేళం సంగతి మీకు తెలిసిందే. ముహూర్తం వేళకి పంతులుగారు చెయ్యి ఎత్తుతారు. ఎవరి తుమ్మూ, ఎవరి పాడు మాటా పెళ్ళికొడుకు పెళ్ళికూతుళ్ళ చెవిన పడకుండా డోలు ఉరుములా మోగాలి, సన్నాయి అందినంత పైకి వెళ్ళిపోవాలి. మా నాన్న ఆ క్షణంలో పై పంచమం అందుకుని అక్కడే నిలబడిపోయేవాడు. అందుకోవడం చాలామందికి వచ్చు, అక్కడ నిలబడటం మాత్రం ఈ చుట్టుపక్కల ఆయనొక్కడికే వచ్చని చెప్పుకునేవారు. జనం మా మేళాన్ని మాట్లాడుకునేది ఆ ఒక్క స్వరం కోసమే. అలాంటిది, ఆ ఏడు మాఘమాసం పెళ్ళిళ్ళు ఇక మొదలవుతాయనగా, నాన్న అరుగు మీద కూర్చుని చెరుకు గడ కనుపు కొరికాడు. ముందు పన్ను చెరుకులో ఉండిపోయింది, నాన్న ఇవతల ఉండిపోయాడు. ఆ సాయంత్రం సన్నాయి పెట్టుకుని ఊదితే కింది స్వరాలు బాగానే పలికాయి. పైకి వెళ్ళబోయేసరికి పెదవి పట్టు నిలవక, సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఫుస్సుమంది. నాన్న ముఖం చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆయనే పిలిచాడు. "ఒసే, ఇలారా. మిల్లుబాబు పెద్దకూతురి పెళ్ళికి మాటిచ్చేసినాను. కిందవన్నీ నాను ఊదుతాను. గట్టిమేళం కాడ పైది మాత్రం నువ్వు అందుకో. ఒచ్చినాదా, మరింక నా పక్కనే కూకుంటావు. రానేదా, పైఊరి నుంచి ఎవరినైనా తెచ్చుకుంటాను, నువ్వు సక్కగా ఆ కంప్యూటరు సెంటర్లో సేరిపో." (మిల్లుబాబంటే ఊళ్ళో రైసుమిల్లు ఆయన. అసలు పేరు ఆయనకైనా గుర్తుండేదో లేదో.) మా మామ్మ లబోదిబోమంది. "ఆడగుంట పదిమందిలో కూకుని బుగ్గలు పూరించి ఊదితే రేపు దీన్ని ఎవడు సేసుకుంటాడురా?" డోలు మావ తాపీగా డోలు తోలు సవరించుకుంటూ "ఎవడైనా సెవిటోణ్ణి సూద్దాంలే అత్తా, ఇద్దరికీ సుఖం" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పై పంచమం అందుకుని ఈ మావ నోరు మూయించకపోతే నా పేరు మార్చుకుంటానని అక్కడే అనేసుకున్నాను.

కానీ పై స్వరం సాధన చేయడమంటే మన చేతుల్లో ఉన్న పని కాదు, చుట్టుపక్కల వాళ్ళ చెవుల్లో ఉన్న పని. కింద తప్పు ఊదితే ఎవరికీ పట్టదు. పైన తప్పు ఊదితే వీధి వీధంతా తలుపులు తీసుకుని బయటికొస్తుంది. రెండు రోజులు ఓర్చుకుని పక్కింటి పిన్ని మా గుమ్మంలోకి వచ్చేసింది. "ఓలమ్మా, నీకు దండం పెడతానే గుంటా! గేదె సేపే యేళకి నువ్వు కీసుమంటన్నావు, అది పాలు ఎగసేపేస్తన్నాది. రేపట్నుంచి మా ఇంటికి టీ పాలు నువ్వు పోస్తావేటి?" నాన్న కాసేపు బుర్ర గోక్కుని ఉపాయం చెప్పాడు. "గూడ్సు బండి ఎల్తన్నప్పుడు ఊదుకో. ఎంత పైకెల్లినా నిన్నెవరూ అడగరు." మాకు రైళ్ళకి కొదవేముంది? అలా మొదలైంది నా సంగీత సాధన. గేటు గంట మోగగానే సన్నాయి పీక నోట్లో పెట్టుకుని తడుపుకునేదాన్ని. ఇంజను కనబడగానే ఊపిరి పీల్చుకునేదాన్ని. పెట్టెలు గడగడలాడుతూ పోతుంటే కళ్ళు మూసుకుని పై పంచమం మీదకి లంఘించేదాన్ని. ఒక గార్డుగారైతే, నేను ఆయనకే స్వాగతం పలుకుతున్నాననుకున్నాడో ఏమో, చివరి పెట్టెలోంచి ప్రతిసారీ చెయ్యి ఊపేవాడు.

ఇందులో ఒకటే చిక్కు. ఆ మోతలో నా స్వరం నాకే వినబడేది కాదు. బండి వెళ్ళిపోయాక నాన్న వచ్చి "ఊపిరి బుగ్గల్లోంచి కాదే, బొడ్డు కాణ్ణుంచి ఒచ్చినాదా?" అనేవాడు. "ఒచ్చినాది." "నడినెత్తి జివ్వుమన్నాదా?" "జివ్వుమన్నాది." "అయితే పంచమం ఒచ్చినట్టే." అంటే, నాకు పై పంచమం వచ్చిందనడానికి ప్రపంచంలో నా నడినెత్తి ఒక్కటే సాక్ష్యం. బండి లేనప్పుడు ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను. ఆ నిశ్శబ్దంలో నా ఊదుడు వింటే నాకే భయం వేసి, స్వరం మధ్యలోనే విరిగిపోయేది. ఆ సంగతి నాన్నకి చెప్పాలంటే కంప్యూటరు సెంటరు కళ్ళముందు కనబడేది. చెప్పలేదు.

పెళ్ళి పొద్దుటి పూట, ఫంక్షన్ హాల్లో. వేదిక పక్కన జంపఖానా మీద నాన్న, ఆయన పక్కన నేను, ఇవతల డోలు మావ. నాన్న కింది స్థాయిలో ఎంత హాయిగా ఊదాడంటే పన్ను సంగతి ఎవరికీ తెలియలేదు. నేను సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, కొత్త పట్టు పరికిణీలో, పెళ్ళికూతురికంటే ఎక్కువగా వణుకుతూ కూర్చున్నాను. వేదిక మీద ఏం జరుగుతోందో కింద కూర్చున్నవాళ్ళకి ఒక్క ముక్క కనబడటం లేదు. ఫొటోల వాళ్ళూ వీడియోల వాళ్ళూ, సెల్ ఫోన్లు ఎత్తిపట్టుకున్న చుట్టాలూ కోటగోడలా నిలబడిపోయారు. అందుచేత అందరూ చేతుల్లో అక్షింతలు పట్టుకుని మేళం కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నారు. ముహూర్తానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. అడ్డుతెర పట్టుకున్న మేనమామలిద్దరూ చేతులు మార్చుకుంటున్నారు. తెరకి చెరోవైపునా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ జీలకర్ర బెల్లం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. పంతులుగారు తాపీగా సంకల్పం చెబుతున్నారు. అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది, పంతులుగారి గొంతు మొదటి వరస దాటలేదు. నాన్న నా చెవిలో "గొట్టం వేడిసేసుకో, మెల్లిగా" అన్నాడు. నేను సన్నాయి ఎత్తి, మధ్య షడ్జమం వినబడీ వినబడనట్టు ఊదుతున్నాను. సరిగ్గా నా వెనక గోడకి అవతల ఎవరో జనరేటరు స్టార్టు చేశారు. అది జనరేటరని నా బుర్రకి తెలుసు. నా బొడ్డుకి తెలియలేదు! గోడ గడగడలాడింది, జంపఖానా అదిరింది, నా కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. నడినెత్తి జివ్వుమంది. అదే క్షణంలో మా ముందున్న మైకు కూడా ప్రాణం పోసుకుంది. పై పంచమం, నేను జన్మలో మొదటిసారి నా చెవులతో విన్న నా పై పంచమం, హాలు కప్పు అంటుకుని నిలబడింది.

ఎంత బాగుందో ఏం చెప్పను! ఒక్క క్షణం ఆ స్వరం తప్ప లోకంలో ఇంకేమీ లేదు. మరుక్షణం డోలు మావ డోలు ఉరిమింది. అంతే. అక్షింతలు వడగళ్ళలా పడ్డాయి. మేనమామలిద్దరూ ఉలిక్కిపడి తెర వదిలేశారు. ఎదురుగా అమ్మాయి ముఖం కనబడగానే కంగారుపడి పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం ఆమె నెత్తిన పెట్టేశాడు. తనేం తక్కువ తిన్నదా, ఆమె కూడా పెట్టేసింది. వెనక వరసల వాళ్ళు "అమ్మయ్య, అయిపోనాది" అనుకుంటూ మొదటి బంతికి భోజనాల వైపు పరుగెత్తారు. నా కంటి రెప్ప మీద బియ్యపు గింజ తగిలి కళ్ళు తెరిచేసరికి పంతులుగారు రెండు చేతులూ ఎత్తి కేకలేస్తున్నారు. "చేతులు తియ్యొద్దు! ముహూర్తం వచ్చేదాకా అలాగే ఉంచండి! మేళం ఆపొద్దు! ఎత్తిన మేళం ఆపకూడదు!"

ఆపకూడదంటే ఊదాలి కదా. ఊదాను. ఏ స్వరం రాదేమోనని చచ్చేంత భయపడ్డానో ఆ స్వరాన్ని ఇప్పుడు దించుకునే వీలు లేకుండా ఊదాను. ఊపిరి అందనప్పుడల్లా నాన్న కింది స్వరంతో అందుకునేవాడు, నేను గాలి పీల్చుకుని మళ్ళీ పైకి ఎక్కేదాన్ని. పెదవులు వాచి బూరెల్లా అయ్యాయి. వేదిక మీద వాళ్ళిద్దరూ ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకుని దిష్టిబొమ్మల్లా కూర్చుని, చేసేదేమీ లేక కబుర్లు మొదలుపెట్టారు. ఆ మోతలో నాకేం వినబడుతుంది, తర్వాత పెళ్ళికూతురే చెప్పింది. "సెయ్యి నొప్పెడతన్నాదా?" అన్నాడతను. "నా సెయ్యి కాదు, మీ సెయ్యే బరువుగా ఉన్నాది" అందామె. ఇద్దరికీ నవ్వాగలేదు. చివరికి అసలు ముహూర్తం వచ్చింది. పంతులుగారు వాచీ చూసుకుని చెయ్యి ఎత్తారు. నేను ఉన్న శక్తంతా కూడగట్టుకుని ఊదాను. ఫుస్సుమంది. సగం ఖాళీ అయిన హాల్లో, నాన్న కింది షడ్జమం మీద, డోలు మావ మెత్తటి దెబ్బల మీద ఆ పెళ్ళి జరిగిపోయింది. భోజనాల్లో ఉన్నవాళ్ళకి ఆ సంగతే తెలియదు.

మిల్లుబాబు మా దగ్గరికి వచ్చేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. కంప్యూటరు సెంటరు ఖాయమనుకున్నాను. ఆయన నన్ను వదిలేసి ముందు డోలు మావ మీద పడ్డాడు. "ఇన్నాళ్ళ నుంచి వాయిస్తన్నావు, బుద్ధి నేదేటయ్యా నీకు? సిన్నగుంట ఏదో ఊదితే నువ్వు బాదెయ్యడమేటి?" మావ తల వంచుకుని "సెయ్యి జారిపోనాది బాబూ" అన్నాడు. అప్పుడాయన నావైపు తిరిగాడు. "ఒసే గుంటా, అదేటే ఆ ఊదుడు! నా గుండె ఆగిపోనాది. మా సిన్నదాని పెళ్ళికి కూడా నువ్వే రావాల. కాకపోతే పంతులు సెయ్యెత్తినాక ఊదు." నేను ఏడుస్తూ నవ్వాను. నాన్న మాత్రం తన సన్నాయి తుడుచుకుని సంచిలో పెట్టుకున్నాడు. ఆ వారంలోనే ఇంకో పెళ్ళికి జంపఖానా మీద తన పక్కన నాకు చోటు వదిలి కూర్చున్నాడు. మరి "సూద్దాంలే" అనలేదు.

ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో ఊదానో లెక్కలేదు. ఎవరు అడిగినా ఈ కథ చెప్పి, చివర్లో "మా డోలు మావ చెయ్యి జారబట్టి గానీ లేకపోతేనా" అని ఆయన మీదకి తోసేసి అందరినీ నవ్వించేదాన్ని. ఆయనా నవ్వేవాడు. మొన్నీమధ్య ఇంటికి వచ్చి టీ తాగుతుంటే (ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, డోలు మానేశాడు) ఎవరో చుట్టాల ముందు మళ్ళీ అదే కథ మొదలుపెట్టాను. ఈసారి మావ గ్లాసు కింద పెట్టేశాడు. "ఒసే, ఇంక ఆపు. నా సెయ్యి జారడమేటే? నా సెయ్యి ఎప్పుడూ జారనేదు. మీ నాన నావైపు సూసి తల ఊపినాడు. కలుపు అన్నాడు, కలిపినాను." ఇన్నేళ్ళూ ఊరంతటి చేతా తిట్లు తిన్నాడే, ఒక్కసారైనా చెప్పాడా!

ఆ సాయంత్రం నాన్న వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. కాయల వైపే చూస్తూ అన్నాడు: "మరేటి సెయ్యమంటావే? పంచమం నిజంగా ఒచ్చేసినాది. అంత సక్కగా నాకు కూడా ఎప్పుడూ రానేదు. డోలు నేకుండా నువ్వొక్కదానివే ఊదుతుంటే జనం మనవైపు తిరిగి నవ్వుదురు. ఒకసారి నవ్వితే మరి నువ్వు జన్మలో సన్నాయి ముట్టుకోవు. డోలు కలిస్తే నవ్వరు, అచ్చింతలు ఏస్తారు. పెళ్ళంటావా, పంతులు సూసుకుంటాడనుకున్నాను." అని గుప్పెడు గింజలు నా చేతిలో పోశాడు. నాకు కళ్ళు తడిసిపోయాయి, ఆయన చూడకుండా తుడుచుకున్నాను. ఆ రోజు కళ్ళు గట్టిగా మూసుకుని, ఆ పై స్వరం దాకా తనొక్కతే ఎక్కేశానని మురిసిపోయిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది.