చెరిగిన గుర్తు

కన్ను తీసేసే ఆపరేషన్ ఉన్న రోజు నాకు పొద్దున్నుంచే భయం. ఏలూరులో కంటి ఆసుపత్రి థియేటర్‌లో ఇన్నేళ్లు నర్సుగా చేసినా ఆ భయం పోలేదు. రెప్పలు మూసుకోకుండా పట్టి ఉంచే తీగ, కండరాలను పైకి లేపే కొక్కేలు, వెనకున్న నరాన్ని కత్తిరించే వంపు కత్తెర, ఖాళీ అయిన చోట పెట్టే గుండ్రటి బంతి, అన్నీ ట్రేలో ఉన్నాయా అని పదిసార్లు చూస్తాను. సామాను మరిచిపోతే తెచ్చుకోవచ్చు. ఒక కన్ను బదులు ఇంకో కన్ను తీసేస్తే?

ఆ రోజు వచ్చినావిడది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. భర్తతో కలిసి చేపల చెరువు చూసుకుంటుంది. ఎడమ కంటి లోపల గడ్డ. ఉంచితే ప్రాణానికే ముప్పు. పైకి మాత్రం రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి. అందుకే డాక్టరుగారు పొద్దున్నే ఎడమ కనుబొమ్మ మీద సిరాతో గుర్తు పెట్టారు. తీరా బల్ల మీద పడుకోబెట్టి చూస్తే ఆ గుర్తు లేదు.

మత్తు ఇచ్చాక చూసి ఉంటే ఎవరిని అడిగేదాన్ని? భయం వేస్తే నాకు ముందు కోపం వస్తుంది.

"ఏమ్మా, గుర్తు ఏమైంది? చెరపొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

"నేనే కడిగేశానండీ. గుర్తు లేకపోతే చెయ్యరేమోనని" అందావిడ. "ఆ కంటితో నాకింకా కనిపిస్తానే ఉందండీ."

వెళ్లి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన స్కాన్ చూసి, కంట్లోకి లైటు వేసి గడ్డను మళ్లీ చూసి, ఎడమవైపే గుర్తు పెట్టారు.

"మీకు ఇష్టం లేకపోతే ఆపేస్తానమ్మా. గడ్డ మాత్రం ఆగదు" అన్నారు.

ఆవిడ పైకప్పు కేసి చూస్తూనే "చేసెయ్యండి" అంది.

"మీ ఆయన్ని ఒకసారి పిలవనా?" అని అడిగాను.

"వద్దండీ. ఆయన్ని చూశానంటే లేచి వెళ్లిపోతాను."

మత్తు డాక్టరుగారు దగ్గరికి రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, అందరూ మూతికి గుడ్డలు కట్టేసుకున్నారు. ఒక్క మొహం చూపించండి."

మాస్కు కాస్త జారితే డాక్టర్ల మీద కూడా అరిచేదాన్ని నేను. ట్రేకి దూరంగా జరిగి, మాస్కు కిందికి లాగాను. ఆవిడ కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఎడమ కంటితో నన్నే చూస్తూ ఉండిపోయింది. నవ్వాలని ఎంత ప్రయత్నించినా నాకు ఏడుపే వచ్చింది.