గోలీ వెంకటపతి ఎడమ పక్క

చెన్నై వ్యాసర్పాడిలో వెంకటపతి ఇల్లు వెతకడానికి నంబరు అక్కర్లేదు. గోలీ పతి ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. గూడ్స్ యార్డులో సిమెంటు మూటలు, ఎరువు మూటలు దించే కాంట్రాక్టు కూలీ అతను. తాత నెల్లూరు పక్కనుంచి పట్టాల పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, గ్రౌండులో రెండూ కలిసిన కేకలు. పదిహేనో ఏట యార్డ్ లైన్ ఫుట్‌బాల్ క్లబ్బు గోల్‌కీపరుగా గోలు ముందు నిలబడినవాడు ముప్పై అయిదు నిండినా అక్కడినుంచి కదల్లేదు.

అతన్ని అక్కడ నిలబెట్టినవాడు విజయకుమార్ సార్. రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా పొద్దున అయిదున్నరకల్లా గడ్డి మొలవని ఆ గ్రౌండుకు వచ్చి ఈల ఊది కుర్రాళ్లకు ఆట నేర్పేవాడు. ఆయన కోరిక ఒక్కటే. దేశమంతా ఆడే ఆ పెద్ద కప్పులో తన క్లబ్బు పేరు ఒక్కసారైనా ఉండాలి. ఓడితే ఇంటికి, గెలిస్తే ఇంకో రౌండుకు. రెండో అవకాశమంటూ లేని పోటీ అది. ఎన్నో ఏళ్లు రాష్ట్రంలోనే ఆగిపోయిన యార్డ్ లైన్ ఆ ఏడు అర్హత సాధించింది. ఆ సాయంత్రం సార్ గోలు స్తంభాన్ని పట్టుకుని ఏడిస్తే, చూసినవాళ్లు చూడనట్టు బూట్లు విప్పుకుంటూ కూర్చున్నారు.

మొదటి రౌండు చెన్నైలోనే, కేరళ జట్టు మీద. ఒక్క గోలుతో గెలిచారు. కానీ రెండో హాఫులో ఎడమ పక్కనుంచి వచ్చిన కార్నరు వెంకటపతికి ఆలస్యంగా కనిపించింది. గాలిలో లేని బంతి ఉన్నట్టుండి ముఖం ముందు పుట్టుకొచ్చింది. ఎలాగో పిడికిలితో కొట్టేశాడు. జనం చప్పట్లు కొట్టారు. కళ్లలో దుమ్ము పడిందేమో అనుకున్నాడు.

మరుసటి రోజు భోజనం దగ్గర ఎడమ పక్కనున్న నీళ్ల చెంబు చెయ్యి తగిలి పడిపోయింది. భార్య సునయన తుడిచింది. రెండు రోజులకు మళ్లీ పడింది. ఈసారి ఆమె తుడవలేదు.

"మామా, ఈడ చూడు," అంటూ అతని ఎడమ చెవి పక్కన వేళ్లు ఆడించింది. "కనిపిస్తా ఉండాయా?"

"ఏంది?"

ఆమె చెయ్యి దించేసింది.

కంటాసుపత్రిలో అతన్ని ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. వెంకటపతి చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. ఇంకా చుక్కలు మొదలవలేదేమో అనుకున్నాడు. కాగితం మీద అతని ఎడమ కన్ను దాదాపు మొత్తం నల్లగా వచ్చింది.

"నీటికాసులు, గ్లాకోమా అంటారు," అంది డాక్టరమ్మ. "నొప్పి ఉండదు, అందుకే తెలియదు. మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్లా చూపు పోయిందా?"

వాళ్ల నాన్న చివరి రోజుల్లో గోడ పట్టుకుని నడిచేవాడు. తాగుడు వల్ల పోయిందని ఇంట్లోవాళ్లంతా ఆయన్ను తిట్టేవారు. వెంకటపతి కూడా తిట్టాడు.

"పోయింది తిరిగి రాదు. కుడి కంటిలోనూ మొదలయింది, దాన్ని కాపాడుకోవాలి. చుక్కల మందు ఒక్కపూట కూడా మానకూడదు. బంతి ఆట వద్దు. కంటికి దెబ్బ తగిలితే ఉన్నదీ పోతుంది."

బయటికి వచ్చాక సునయన చెప్పులేసుకుంటూ అంది, "ఇప్పుడే పోదాం సార్ దగ్గరికి. చెప్పేయి."

"ఈ కప్పు అయిపోనీ."

"కప్పు కన్నిస్తుందా మామా?"

"ఇన్నేళ్లు ఆయన ఎదురుచూసింది దీనికే. మధ్యలో నేను పక్కకు జరిగితే ఎట్లా?"

సార్ కోసమే అన్నాడు. నిజమే, సగం వరకు. మిగతా సగం అతనికే బాగా తెలుసు. మూటల కింద వంగిన వీపుతో బతికే మనిషి నిటారుగా నిలబడేది ఆ రెండు స్తంభాల మధ్యనే. దాన్ని వదులుకోవడానికి ఒక కాగితం చాలదు అతనికి.

అప్పటినుంచి దొంగతనంగా ఆడటం నేర్చుకున్నాడు. గోలు మధ్యలో కాకుండా ఒక అడుగు ఎడమకు జరిగి నిలబడేవాడు. తల ఎడమకు తిప్పి, కుడి కన్నుతో మైదానమంతా చూసేవాడు. "ఎడమ పక్క అరవండిరా, నాకు వినపడాల!" అని తన ముందు కాపు కాసే బ్యాకులను కసిరేవాడు. వయసుతో పాటు గొంతు పెరిగిందని వాళ్లు నవ్వుకున్నారు.

క్లబ్బులో రెండో గోలీ కేశవ్. ఇరవై ఏడేళ్లవాడు. నాలుగేళ్లుగా బెంచి మీదే ఉన్నాడు. రోజూ పొద్దున వెంకటపతికి బంతులు విసిరి ప్రాక్టీసు చేయించేది వాడే. ఒక రోజు విసురుతూ విసురుతూ ఆగాడు.

"అన్నా, ఒళ్లు బాగుండాదా?"

"ఏం, బాగలేనట్టుగా ఉండానా? విసురు."

కేశవ్ విసిరాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

రెండో రౌండు కోయంబత్తూరులో, గోవా జట్టుతో. తొంభై నిమిషాలూ, అదనపు సమయమూ గోలు లేకుండానే గడిచిపోయాయి. పెనాల్టీలకు వెళ్లారు. పెనాల్టీలో కొట్టేవాడు ఎదురుగా ఉంటాడు. పక్కనుంచి వచ్చేదేమీ ఉండదు. వెంకటపతి రెండు ఆపాడు. కుర్రాళ్లు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సార్ వచ్చి అతని తల రెండు చేతులతో పట్టుకుని నుదుటిమీద ముద్దు పెట్టాడు. చెప్పాలంటే అదే సమయం. ఆ చేతుల మధ్య తల ఉండగా వెంకటపతి కూడా నవ్వేశాడు.

క్వార్టర్ ఫైనలు మళ్లీ చెన్నైలోనే, కలకత్తా జట్టుతో. పేటంతా షేర్ ఆటోల్లో తరలి వచ్చింది. ఆ ఆటకు ఒక ప్రభుత్వ సంస్థ జట్టు తాలూకు మనుషులు కూడా వస్తున్నారని, ఆటగాళ్లను చూసి ఉద్యోగాల్లోకి తీసుకుంటారని అందరికీ తెలుసు. యార్డ్ లైన్ బాగా ఆడింది. ఒకసారి బంతి కలకత్తావాళ్ల గోలు పైకమ్మీకి తగిలి వెనక్కొచ్చింది. అదనపు సమయం తప్పదనుకున్నారు.

ఎనభై ఏడో నిమిషంలో ఎడమ అంచునుంచి వాళ్లవాడు బంతిని లోపలికి లేపాడు. గట్టిగా కూడా కొట్టలేదు. జనం హోరులో బ్యాకుల కేక వినపడలేదు. వెంకటపతి బాక్సులోకి పరిగెత్తుకొస్తున్న మనుషులను చూస్తున్నాడు. బంతి అతని ఎడమ భుజం పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దూరంలో, లోపలికి వెళ్లింది. అతను కదల్లేదు. వెనక వల కదిలిన చప్పుడుకు తిరిగి చూస్తే బంతి అక్కడ ఉంది.

అంతే, అయిపోయింది.

ఆ దృశ్యం ఫోన్లలో తిరిగింది. బంతి గోల్లోకి పోతుంటే గోలీ ఇంకో పక్క చూస్తూ నిలబడ్డాడు. నెమ్మదిగా తిప్పి తిప్పి చూశారు. మూడో రోజుకు మాట పుట్టింది, పతి మ్యాచ్ అమ్మేసినాడని. టీ కొట్టు దగ్గర నలుగురు అదే అంటుంటే విజయకుమార్ సార్ విన్నాడు. అరవై మూడేళ్ల మనిషి ఒకడి చొక్కా పట్టుకున్నాడు. వాడు తోస్తే పడి మోచెయ్యి చీరుకుపోయింది. "పతి నాకు అబద్ధం చెప్పే మనిషి కాదురా," అని రోడ్డు మీద కూర్చునే అరిచాడట.

ఆ మాట చెవిన పడ్డాక వెంకటపతి ఇంట్లో ఉండలేకపోయాడు. ఆసుపత్రి కాగితం తీసుకుని సార్ గదికి వెళ్లాడు. సార్ మోచేతికి కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాగితం చేతిలో పెట్టి వెంకటపతి అంతా చెప్పాడు. సార్ కాగితం మీది తేదీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"గోవా మ్యాచ్‌కు ముందే."

"అవును సార్."

"ఎంత కనిపిస్తుందిరా నీకు?"

"ఎడమ పక్క ఏమీ లేదు సార్."

సార్ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నీ కన్ను పోయిందంటే నా కడుపు కాలిపోతా ఉండాదిరా పతీ. కానీ నాతో ఒక్క మాట చెప్పలేకపోతివి. కేశవ్‌ను నిలబెట్టి ఓడిపోయుంటే, ఓడినామని నిద్రపోయుందును. ఇప్పుడు నేను ఎవురి మీద కోపం పెట్టుకోవాల? కళ్లు లేనివాని మీదా?"

వెంకటపతి ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సార్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. కానీ వెళ్లొస్తానంటే తల ఎత్తలేదు.

ఆ ఆదివారం గ్రౌండులో జట్టంతా ఉండగా వెంకటపతి నిలబడి నిజం చెప్పాడు. కొందరు వచ్చి కౌగిలించుకున్నారు. కొందరు, తప్పించుకోడానికి కన్ను కథ కట్టినాడన్నారు. అతను ఎవరికీ కాగితం చూపించలేదు. మూటల పని కూడా మానేశాడు, తల మీద బరువు వద్దన్నారు డాక్టర్లు. ఎన్నూరు దారిలో ఒక గోడౌనులో కూర్చుని గోనె సంచులు కుట్టే పని దొరికింది. విజయకుమార్ సార్ తర్వాతి సీజను మొదలవకముందే గది ఖాళీ చేసి అరక్కోణంలో చెల్లెలింటికి వెళ్లిపోయాడు. పొద్దున ఈల ఇంకెవరో ఊదుతున్నారు.

ఏడాది తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కేశవ్ ఇంటికి వచ్చాడు. షోళింగనల్లూరులో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని, ఆ యూనిఫారంలోనే ఉన్నాడు. సునయన మజ్జిగ ఇచ్చింది. వాడు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంకా ఆడతా ఉండావా?" వెంకటపతి అడిగాడు.

"లేదన్నా. స్పోర్ట్స్ కోటాకు వయసు దాటిపోయింది. ఆ ఏడే ఆఖరు."

ఆ ఏడు అంటే ఏ ఏడో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

"నా వల్లేరా," అన్నాడు వెంకటపతి.

కేశవ్ తల అడ్డంగా ఊపాడు. "నాకు తెలుసన్నా. అప్పుడే తెలుసు. పొద్దున్నే ఎడమకు విసిరినవన్నీ నువ్వు వదిలేస్తా ఉంటివి. కావాలనే నాలుగు రోజులు అట్లే విసిరి చూసినాను."

వెంకటపతి వాడి వైపు తిరిగాడు. "మరి సార్‌తో ఎందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పేదన్నా? నీ చోటు కోసం చెప్పినాడంటారు కదా. నాకే అనిపించింది, చోటు కోసమే చెప్పబోతా ఉండానేమో అని. అందుకే నోరు మూసుకున్నా."

గ్లాసు కింద పెట్టి, డ్యూటీకి టైమయిందని లేచాడు. వెంకటపతి వద్దంటున్నా వంగి అతని కాళ్లకు దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సునయన వంటింట్లోంచి వచ్చింది. అతను గుమ్మం దగ్గర అలాగే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు మామా?"

"వాడికి ముందే తెలుసంట."

ఆమెకు అర్థమైంది. ఖాళీ గ్లాసు తీసి లోపల పెట్టి వచ్చి, అతన్ని కూర్చోబెట్టి, మధ్యాహ్నం వెయ్యాల్సిన మందు సీసా మూత తీసింది. "తల పైకెత్తు," అంది. అతను ఎత్తాడు. మందు చుక్క పడకముందే రెండు కళ్లూ నిండి ఉన్నాయి. అవి ఆరిపోయేదాకా ఆమె సీసా పట్టుకుని పక్కనే నిలబడింది.