రెండు చేతులతో నొక్కాలి

సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఐటీఐలో నేను పాఠాలు చెబుతాను. మిషన్ల పని నేర్పడానికి వేరే సార్లున్నారు. ఇంగ్లీషు, దరఖాస్తులు రాయడం, పనిచోట భద్రత, ఇవన్నీ కలిపిన ఒక సబ్జెక్టు నాది. పిల్లలు ఫ్యాక్టరీలకు ట్రైనింగుకు వెళ్లే ముందు నెల రోజులు భద్రత పాఠాలే చెబుతాను. కాకినాడలో పెరిగి, డిగ్రీ చదివి, పెళ్లయ్యాక మారేడ్‌పల్లి వచ్చినదాన్ని. పవర్ ప్రెస్ ముందు ఒక్కరోజు కూడా నిలబడింది లేదు. పుస్తకంలో బొమ్మ చూసి బోర్డు మీద వేసేదాన్ని.

నా క్లాసులో ఒకమ్మాయి ఉండేది, సీతాఫల్‌మండి పిల్ల. తండ్రి లేడు. తల్లి రెండిళ్లలో వంట చేసేది. ఇరవైమంది అబ్బాయిల మధ్య తనొక్కతే అమ్మాయి. మొదటి బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేది. నేను పవర్ ప్రెస్ బొమ్మ వేసి, "రేకును అచ్చు మీద పెట్టాలి, పైనుంచి దిమ్మ దిగి దాన్ని కోస్తుంది. అందుకే మిషన్‌కు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే దిమ్మ దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీదుంటే దాని కింద ఉండవు కదా" అని చెప్పినప్పుడు, తను లేచి తన రెండు చేతులూ చాచి, ఎంత దూరం ఉండాలో చూపించి, "గింత దూరమా మేడం?" అని అడిగింది. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తనకే వేశాను.

ట్రైనింగుకు తనను ఒక చిన్న ఫ్యాక్టరీలో వేశారు. స్టవ్‌లకూ ఫ్యాన్లకూ రేకు ముక్కలు కోసే చోటు. అమ్మాయిలను తీసుకునేది మాకు తెలిసినంతలో అదొక్కటే. ఆరో రోజు ఉదయం తను కాలేజీకి వచ్చేసింది. చేతిలో సూపర్‌వైజర్ ఇచ్చిన కాగితం. 'చెప్పిన మాట వినదు, పని మీద ఆసక్తి లేదు' అని రాసి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"ఆడ కుడిదిక్కు బటన్ నొక్కి, మీద టేప్ చుట్టిండ్రు మేడం. అది ఎప్పటికీ నొక్కినట్టే ఉంటది. ఇగ ఒక చెయ్యితోని రేకు పెట్టుకుంట, ఇంకో చెయ్యితోని ఎడమదిక్కు బటన్ ఒత్తుకుంట జల్ది జల్ది చెయ్యాలంట. నేను చెయ్యనన్న. మా మేడం వద్దని చెప్పింది అన్న."

"దానికాయనేమన్నాడు?"

తను తల దించుకుంది. "మరి టార్గెట్ మీ మేడం వచ్చి చేస్తదా అన్నడు. అందరు నవ్విండ్రు."

నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లలో నా పాఠాన్ని మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, దాని కోసం నిలబడ్డ మొదటి పిల్ల. ఆ గర్వం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేదాకానే మిగిలింది.

ఆయన కాగితం చదివి పక్కన పెట్టాడు. "ట్రైనింగ్ పూర్తి కాకుంటే సర్టిఫికెట్ రాదు మేడం. ఇంకోచోట అమ్మాయిని తీసుకుంటరా? మీరే చెప్పండి. జెర మంచిగ మాట్లాడి మళ్ల పంపించుండ్రి. మీ మాట వింటది."

నిజమే, నా మాట వింటుంది. అదే నన్ను ఇరుకున పెట్టింది.

మర్నాడు తననూ తల్లినీ వెంటబెట్టుకుని ఆటోలో ఆ ఫ్యాక్టరీకి వెళ్లాను. సూపర్‌వైజర్ నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. టేపు సంగతి ఎత్తగానే "అయ్యో, ఎవడు పెట్టిండు మేడం!" అంటూ తానే వెళ్లి దాన్ని పీకి, ఉండచుట్టి బుట్టలో పడేశాడు. నా కళ్లముందే. బటన్ పైకి లేచింది. మిషన్ శబ్దాలకు నాకు తల తిరుగుతోంది, త్వరగా బయటపడాలనిపించింది.

తల్లి నా చెయ్యి పట్టుకుని, "ఉంచమంటరా మేడం? మీరు సరే అంటే ఉంచుత" అంది.

"ఉంచండమ్మా. నేను మాట్లాడాను కదా" అన్నాను. తర్వాత పిల్ల వైపు తిరిగి, "కాస్త సర్దుకుపో. ప్రతిదానికీ ఎదురు చెప్పకు" అన్నాను. ఆ రెండో మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. సూపర్‌వైజర్ వింటున్నాడనా, పెద్దరికం కోసమా? తను "సరే మేడం" అంది.

మూడోవారంలో, మధ్యాహ్నం క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఆస్పత్రికి వెళ్లేసరికి తల్లి నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. తిట్టలేదు కూడా. "రెండు వేళ్లు పోయినయి మేడం. కుడిచెయ్యి" అంది. తర్వాత "మీరు చెప్తేనే ఉంచిన" అంది. ఆ మాటలో నింద లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేదని ఇంటికొచ్చాక ఎన్నిసార్లు అనుకున్నానో.

రెండు రోజుల తర్వాత పిల్ల మాట్లాడింది. చేతికి పెద్ద కట్టు. "మీరు పోయినంక పొద్దుమీకినాక మళ్ల టేప్ పెట్టిండ్రు మేడం."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదేం తల్లీ?"

"చేద్దామనుకున్న. మీరు అప్పుడే ఒకపాలి ఆటో పెట్టుకోని అంత దూరం వచ్చిండ్రు. మళ్ల పరేషాన్ చేసుడెందుకని." కట్టు సవరించుకుంటూ, "ఎదురు చెప్పకు అన్నరు గదా" అంది. నన్ను దెప్పడానికి అన్నది కాదు. నేనడిగాను కాబట్టి కారణం చెప్పింది.

ఆ వారమే ఫ్యాక్టరీవాళ్లు ప్రమాదం మీద ఒక నివేదిక తయారుచేశారు. ట్రైనీ అజాగ్రత్త వల్ల జరిగిందని. దానికి రుజువుగా కాలేజీ నుంచి తెప్పించుకున్నది తన పరీక్ష పేపరు. నేను పూర్తి మార్కులు వేసిన పేపరు. రెండు చేతులతో నొక్కాలని తనకు తెలుసు, తెలిసీ అలా చేసింది, కాబట్టి తప్పు తనదే. అంత శ్రద్ధగా చెప్పిన పాఠం చివరికి ఆ పిల్ల మీదే సాక్ష్యమైంది. తను ముందే వద్దందని చూపే కాగితం, ఆ రోజు సూపర్‌వైజర్ రాసి పంపినది, దాని కోసం ఫైలంతా వెతికాను. కనబడలేదు.

భద్రత శిక్షణ ఇచ్చినట్టు నన్ను ఒక వాక్యం రాసి ఇమ్మన్నారు. ఆ వాక్యం రాసి, కింద టేపు గురించి, నేను వెళ్లిన రోజు గురించి, తను ముందే వద్దన్న సంగతి గురించి పేజీన్నర రాశాను. ప్రిన్సిపాల్ చదివి, "ఇదంత ఎందుకు మేడం, ఒక్క లైన్ చాలు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించలేదు. టైపు చేయించి పంపినప్పుడు మాత్రం మొదటి వాక్యమే వెళ్లింది. అదొక్కటే వెళ్లిందని నాకు నెల తర్వాత తెలిసింది. చేత్తో రాసిన కాగితం నకలు పట్టుకుని తల్లితో కలిసి రెండు ప్రభుత్వ ఆఫీసులకు తిరిగాను. ఒకచోట ఇంకోచోటికి వెళ్లమన్నారు, అక్కడ మళ్లీ మొదటిచోటికి. మూడోసారి పిలిచినప్పుడు తల్లి, "వద్దు మేడం. పనిండ్లు పోతయి నాకు" అంది. ఆమెను ఇంకా అడిగే హక్కు నాకు లేదు.

పిల్ల ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. చిలకలగూడలో ఒక జిరాక్స్ షాపులో కూర్చుంటోంది. తన పదో తరగతి సర్టిఫికెట్ వెనక్కి తీసుకోవడానికి కాలేజీకి వచ్చినప్పుడు, రిజిస్టర్‌లో సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. క్లర్కు ఎటో చూస్తూ కూర్చున్నాడు. వెళ్లేముందు నా గదికి వచ్చింది.

"ఈపాలి పిల్లలకు నా సంగతి చెప్పుండ్రి మేడం. పేరు చెప్పకుండ్రి."

చెప్పాను. ఈ సంవత్సరం మొదటి క్లాసులోనే, పేరు లేకుండా, నేనేమన్నానో దాంతో సహా చెప్పాను. చివర ఒకబ్బాయి లేచి, "మరి మేము వద్దంటే ఏమైతది మేడం?" అన్నాడు. వద్దనండి అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుండా ఉండటానికీ రాలేదు. నాకు ఫోన్ చెయ్యండి, ఎన్నిసార్లయినా చెయ్యండి అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అంటున్నప్పుడే వినపడింది. తర్వాత పిల్లల్ని భయపెడుతున్నానని ప్రిన్సిపాల్ పిలిపించి చెప్పాడు.

ఈసారి ఇద్దరమ్మాయిలున్నారు. ఇద్దరినీ ఆ ఫ్యాక్టరీకే పంపారు. అక్కడికి వద్దని నేను రాసిచ్చాను. ఇంకో చోటు చూపించండి అన్నారు. నెల రోజులు తిరిగి వెతికాను. అమ్మాయిలా, బాత్రూం లేదు మేడం అన్నారు ప్రతిచోటా.

మొన్న మధ్యాహ్నం వాళ్లలో ఒకమ్మాయికి నేనే ఫోన్ చేశాను. వెనక మిషన్ల మోత. "అంత మంచిగనే ఉంది మేడం" అంది.

"రెండు బటన్లూ పనిచేస్తున్నాయా?"

"మంచిగనే ఉంది మేడం" అంది మళ్లీ.