మల్లయ్య డప్పు కాగిన రోజు

దయ్యం కనబడిందని ఎవరన్నా చెబితే, నిన్న ఏం తాగావని మొహం మీదే అడిగే మనిషిని నేను. ఇప్పుడూ దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. యాభై దాటాక లేబర్ క్యాంపులో అక్షరాలు దిద్దినవాడిని. కథలు అల్లేంత రాత నాకు రాదు. జరిగింది రాస్తున్నాను.

ఊరు విడిచి వచ్చి, ఎడారి దేశంలో అల్ ఐన్ ఖర్జూరం తోటల్లో పనిచేసే మేము ఆరుగురం డప్పు దళం కట్టాం. తెలుగువాళ్ళు పండుగలకు పిలిస్తే పోయి ఆడి వచ్చేవాళ్ళం. మాలో మల్లయ్య కరోనాలో పోయాడు. ఆసుపత్రి నుంచి అటే తీసుకుపోయి దహనం చేశారు. మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఊళ్ళో ఎంత పేదవాడినైనా డప్పు కొట్టి సాగనంపుతాం. ఊరందరి చావులకూ కొట్టిన మల్లయ్యకు ఒక్క దరువు పడలేదు.

అతని భార్య లచ్చవ్వ ఫోన్లో ఏడవలేదు.

"డప్పు లేకుంటనే పంపిండ్రా బావా ఆయనను?" అంది. తర్వాత ఎప్పుడు మాట్లాడినా అదే మాట.

రెండేళ్ళకు రువైస్ నుంచి బతుకమ్మ ఆటకు పిలుపు వచ్చింది. ఎవరిదన్నా తోలు పగిలితే పనికొస్తుందని మల్లయ్య డప్పు కూడా సంచిలో పెట్టాం. రువైస్ సముద్రం పక్కన ఉంటుంది. వ్యాను దిగి కాసేపు నిలబడేసరికి తడిగాలికి మా డప్పులన్నీ మెత్తబడ్డాయి. తోటలో అయితే ఎండు మట్టలు అంటించి, తోలు బిగిసేదాకా కాచుకుంటాం. ఇక్కడ అగ్గిపెట్టె చూడగానే హాలు చూసుకునే ముదీర్ "ఆగ్ నహీ, ఖలాస్" అని మంట పెట్టనివ్వలేదు. ఒకావిడ జాలిపడి జుట్టు ఆరబెట్టుకునే మిషన్ తెచ్చి ఇచ్చింది.

"నీ డప్పుకు జడ గూడ ఎయ్యాల్నా కాకా?" అని మా దళంలో చిన్నవాడు రాజం నవ్వాడు.

"ముందు నీ నోట్లె పెడ్త దీన్ని. మూస్కో," అన్నాను.

ఆ మిషన్‌తో తోలు బిగవలేదు. ఆడవాళ్ళు బతుకమ్మలు పట్టుకుని నిలబడ్డారు. ఆఖరికి మల్లయ్యదన్నా చూద్దామని వ్యానులోకి పోయి సంచి విప్పాను. చేయి చురుక్కుమంది. అప్పుడే మంట మీద నుంచి తీసినట్టు ఉంది తోలు. దారి పొడుగునా వ్యానులో ఏసీ ఉంది. అదే సంచిలోని, డప్పు కొట్టే పుల్లలు చల్లగా ఉన్నాయి. రాజం ముట్టుకుని నవ్వు ఆపేశాడు. మిగతా ముగ్గురూ ముట్టుకున్నారు.

భుజానికి వేసుకున్నాను. కొట్టాల్సింది ఆట దరువు. పడింది చావు దరువు. మార్చాలని చూశాను, చేతులు వినలేదు. పండుగ పూట అది ఎంత తప్పో మాకు తెలుసు. ఆడేవాళ్ళు పట్నం వాళ్ళు, తేడా తెలియక చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. రాజం నా మొహం చూశాడు. తలకు చుట్టిన రుమాలు, శవం ముందు తీసినట్టు విప్పి భుజాన వేసుకుని, ఆ మెత్తటి డప్పుతోనే నా దరువు అందుకున్నాడు. వెనక ముగ్గురూ అందుకున్నారు. ఇంటి నుంచి కాటి దాకా ఎంతసేపు కొడతామో అంతసేపు కొట్టాం. అప్పుడు చేతులు వాటంతట అవే ఆగాయి.

ఒక ముసలామె మాత్రం ముందే ఆటలోంచి తప్పుకుంది. మేము ఆగాక దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"మల్లయ్యని, మావోడే అమ్మా."

ఆమె డప్పుకు చేయి తాకించి దండం పెట్టింది. అప్పటికే తోలు చల్లబడి, వదులైపోయి ఉంది.

లచ్చవ్వకు ఫోన్ చేసి "కొట్టినం" అన్నాను. "ఇగ మంచిగ పోతడు తియ్యి," అంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఏసీ వ్యానులో తోలు ఎట్లా కాగిందో నాకు తెలియదు. తెలిసినవాడు చెబితే వింటాను. ఆ డప్పు మా గదిలో మేకుకు తగిలించి ఉంది. తోటలో మట్టల మంట మీద ఎన్నిసార్లు కాచినా, ఇప్పటిదాకా మళ్ళీ బిగవలేదు.