ముగ్గు గీతల్లో మా ఊరి అంగడి

పోయిన నెలలో సూర్యాపేటలో మా ఆడపడుచు ఇంటి గృహప్రవేశం చూసుకుని కోదాడకు బస్సులో పోతుంటే, మునగాల దాటాక సరిగ్గా నేను పుట్టిన ఊరి ముందు లారీలు బారులు తీరి బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే మా ఊరి కూరగాయల అంగడికి సున్నం వేస్తున్నారు. గాలి అటునుంచే వీస్తోంది కాబట్టి తడి సున్నం వాసన గుప్పున వచ్చి తగిలింది. పక్క సీట్లో మా ఆయన తల వాల్చి నిద్రపోతున్నారు, లేపడం ఇష్టంలేక ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఎదురు సీట్లో అమ్మాయి ఈ పెద్దావిడకు ఏమైందో అన్నట్టు నన్నోసారి చూసి మళ్లీ ఫోనులోకి తల దించుకుంది. ఆ అమ్మాయికి చెప్పినా అర్థం కాకపోవచ్చు గానీ, ఒక్క సంతకం కోసం ఏళ్ల తరబడి కచేరీల మెట్లు ఎక్కి దిగిన నా ఈడువాళ్లకైతే ఆ నవ్వు సంగతి చెప్పుకోవచ్చు.

మా ఊరి చెరువు కట్ట తెగిన ఏడు నేను పాలిటెక్నిక్ ముగించి, సూర్యాపేటలో ఇళ్ల ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. మందుల దుకాణం పైన రెండు గదులు, వాలుగా పెట్టిన రెండు బల్లలు, కిటికీలోంచి బస్సుల హారన్లు, అదీ మా ఆఫీసు. దాని యజమానిని నేను పెద్దసారు అనేదాన్ని. గట్టిగా మాట్లాడటం ఆయనకు చేతకాదు, పెన్సిలు మొనను మాత్రం సూదిలా చెక్కుకునేవారు. ఆడపిల్ల ఇలా బల్ల ముందు నిలబడి గీతలు గీయడం ఆ రోజుల్లో మా వైపు కొత్త కాబట్టి, మందులకు వచ్చినవాళ్లు కొందరు పనిగట్టుకుని మెట్లెక్కి నన్ను చూసి పోయేవారు.

కట్ట తెగింది అంగడి రోజు మధ్యాహ్నం. మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, తన చేలో కాసిన వంకాయలు, బెండకాయలు గంపల్లో పెట్టుకుని ఎప్పటిలాగే చెరువు వైపు రేకుల పందిరి కింద కూర్చుని ఉంది. నీళ్లొస్తున్నాయని కేక వినపడేసరికి జనమంతా ఎటు దారి ఉంటే అటు ఉరికి, చివరికి ధాన్యం సేటు గోదాము ముందున్న ఎత్తైన అరుగు మీదికి చేరారు. సేటు గోనె సంచులు పరిపించి, అందరికీ చాయ్ కాయించాడట. దేవుడి దయవల్ల ప్రాణం పోయినవాళ్లు లేరు గానీ రేకులు, గుంజలు, తక్కెళ్లు, గంపలు అన్నీ కొట్టుకుపోయాయి. మా చిన్నమ్మ మాత్రం ఆ గడబిడలో ఒక సొరకాయను చంకన పెట్టుకుని ఎక్కిందట, అది ఎందుకు పట్టుకున్నావే అని ఎవరు అడిగినా ఆమెకే తెలియదు. ఆ సొరకాయతోనే ఆ రాత్రి అరుగు మీద అందరికీ పులుసు వండారని ఆమె చెప్పేది, ఒక్క సొరకాయ అంతమందికి ఎలా సరిపోయిందని మాత్రం మేము అడిగేవాళ్లం కాదు.

అంగడి స్థలం బురదమయం అయ్యాక కూరగాయల ఆడవాళ్లంతా హైవే అంచున కూర్చోవడం మొదలుపెట్టారు. వెనక లారీలు, ముందు బస్సులు. ఒకరోజు లారీ చక్రం మా చిన్నమ్మ గంపను నలిపేసి పోయింది, మనిషికి జానెడు దూరంలో. ఆ కబురు విన్నరోజు నాకు ఆఫీసులో గీత తిన్నగా రాలేదు.

సరిగ్గా ఆ సమయంలోనే జిల్లాకు కొత్తగా వచ్చిన కలెక్టరు మా ఊరి అంగడికి నమూనాల పోటీ పెట్టారు. మామూలు రోజుల్లో అంగడిగా, వరద వస్తే ఊరికి ఆసరాగా ఉండే కట్టడం కావాలన్నారు. పెద్దసారు ఆ ప్రకటన నా బల్ల మీద పెట్టి, మీ ఊరే కదమ్మా, నువ్వే గీయి అన్నారు. నాకు వెంటనే సేటు అరుగే కళ్లముందు మెదిలింది. నిలువెత్తు మనిషి ఛాతీ దాకా లేపిన పెద్ద వేదిక, తలమీద గంపతో మెట్లెక్కే బాధ లేకుండా వాలుదారి, వరుసల మధ్య మోకాలెత్తు గోడలు, నాలుగు దిక్కులా బాగా ముందుకు చాచిన కప్పు. రాత్రింబగళ్లు గీశాం. పెద్దపెద్ద పట్నాల నుంచి వచ్చిన నమూనాల్లో మాది గెలిచింది. నాకూ పెద్దసారుకూ శాలువాలు కప్పారు, పేపరులో ఫోటో వేశారు, కాకపోతే ఆ ఫోటోలో పూలదండ చాటున నా ముఖం సగమే కనపడింది. అయినా మా నాన్న దాన్ని ఫ్రేము కట్టించాడు.

ఇక వచ్చే ఎండాకాలానికి కట్టడం లేస్తుందనుకున్నాం. ఎండాకాలం వచ్చింది, ఆ కలెక్టరుకు బదిలీ కూడా వచ్చింది. ఆయనతోపాటు ఉత్సాహమూ పోయింది, ఫైలు మాత్రం మిగిలింది. ఆ ఫైలు రెండు శాఖల మధ్య చిక్కుకుంది. వరద సాయం చూసే శాఖవాళ్లు, ఇందులో కూరగాయలు అమ్ముతారు కాబట్టి ఇది అంగడి, మాకు సంబంధం లేదన్నారు. అంగళ్లు చూసే శాఖవాళ్లు, అంగడికి ఇంత ఎత్తు ఎందుకు, ఇది వరద కట్టడం, మాకు సంబంధం లేదన్నారు. ఎత్తు తగ్గించమని ఒకరు, వంకాయలు తీసేయమని ఒకరు. వంకాయలు తీసేస్తే మా చిన్నమ్మ ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. నేనూ పెద్దసారూ టిఫిను డబ్బా కట్టుకుని బస్సెక్కి అప్పటి జిల్లా కేంద్రానికి పోవడం, ఈ గది నుంచి ఆ గదికి నడవడం, సారు మీటింగులో ఉన్నారంటే వేపచెట్టు కింద పులిహోర తిని తిరిగి రావడం అలవాటైపోయింది. అక్కడి బంట్రోతు మమ్మల్ని చుట్టాల్లా పలకరించి కుర్చీలు వేసేవాడు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రయాణాల్లోనే పెద్దసారు నాకు కట్టడాల గురించి కాలేజీలో చెప్పనివన్నీ చెప్పారు, కాబట్టి ఆ తిరుగుడు దండగైందని ఇప్పటికీ అనలేను.

అలా ఏళ్లు గడిచాక ఒక దుర్వార్త వచ్చింది. అంగడి స్థలం ఖాళీగా పడి ఉంది కాబట్టి దాన్ని ప్రభుత్వ బండ్లు నిలుపుకునే యార్డుకు ఇవ్వాలని ప్రతిపాదన పెట్టారట, స్థలం చూడటానికి పెద్ద అధికారి ఒకాయన రాబోతున్నారట. నేను ఊరికి పోయి ఈ మాట చెప్పేసరికి చిన్నమ్మ గంప దించి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఖాళీ అని ఎవడన్నడు? బహుమానం ఇయ్యలే? ఫోటువ కొట్టలే? ఇగ నా జాగ ఏడుందో జర సూపియ్యి బిడ్డా, నేను పోయి కూసుంట."

"చిన్నమ్మా, అది ఇంకా కట్టలేదే. కాగితం మీదనే ఉంది."

"కాగితం మీదున్నది భూమ్మీద గీయరాదా నీకు? గదే కద నీ నౌకరి!"

ఆ మాట పెద్దసారుకు చెబితే ఆయన చాలాసేపు నవ్వి, టేపు, దారం, మేకులు సంచిలో వేసుకుని మర్నాడే నాతో బస్సెక్కారు. మామూలుగా పునాది తవ్వే ముందు సున్నంతో ముగ్గు పోస్తారు కదా, అలాగే మేము ఆ మైదానంలో కట్టడం మొత్తానికీ ముగ్గు పోశాం. వాలుదారి, ద్వారం, వరుసలు, ఎవరి జాగ వాళ్లకు. ఊళ్లోవాళ్లు అంతకుముందే బురద మీద మొరం మట్టి పరిచారు, సేటు నీడకు తాటాకులు, వెదురు బొంగులు పంపాడు. చిన్నమ్మ తన చదరంలోకి అడుగుపెట్టి, నాలుగు మూలలూ చూసుకుని, గృహప్రవేశం చేసినట్టు ఒక కొబ్బరికాయ కొట్టింది.

అంగడి రోజు వచ్చేసరికి హైవే అంచున ఒక్క గంప లేదు. అందరూ గీతల్లోనే కూర్చున్నారు. పైగా వాటిని గీతలని ఎవరూ అనుకోలేదు. ఎవరైనా అడ్డంగా దాటి వస్తే, గోడలోంచి ఎట్లొస్తవ్, దర్వాజ లేదా అని ఆడవాళ్లంతా ఒక్కసారి అరిచేవాళ్లు, దాటినవాళ్లు సిగ్గుపడి వెనక్కి పోయి చుట్టూ తిరిగి ద్వారంలోంచి వచ్చేవాళ్లు. మా నాన్నంతటివాడు గోడ దాటినందుకు మరదలి చేత చీవాట్లు తిన్నాడు. పక్క వరుస ఆమె చిన్నమ్మ గోడకు ఆనుకుని కొత్తిమీర కట్టలు పెడితే, నా గోడ ఖరాబైతది అని చిన్నమ్మ, నీ గోడ ఏడుందే అని ఆమె, ఇద్దరూ పోట్లాడుకుని పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. వాన పడి ముగ్గు కరిగిపోతే, తెల్లారేసరికి వాళ్లే గీసుకునేవాళ్లు. నేనూ సెలవు రోజుల్లో పోయి చిన్నమ్మ పక్కన కూర్చునేదాన్ని, అలా కూర్చున్నప్పుడే సాయంత్రపు ఎండ పడమటి వరుసవాళ్ల మొహాన కొడుతోందని తెలిసి, నమూనాలో ఆ వైపు కప్పును కిందికి వాల్చి మళ్లీ గీశాను.

పెద్ద అధికారి వచ్చింది కూడా అంగడి రోజే. జీపు దిగి, వెంట నలుగురు ఉద్యోగులతో గబగబా నేరుగా నడిచి వస్తున్నారు. ఆయన బూటు సున్నపు గీత మీద పడబోయే సరికి చిన్నమ్మ బెండకాయలు తూస్తున్న తక్కెడ ఎత్తిపట్టి కేకవేసింది.

"సారూ, సారూ, గాడ గోడుంది! ఇటు దర్వాజకెల్లి రాండ్రి!"

ఆయన కాలు గాల్లోనే ఆగింది. కింద గీత వంక చూశారు, వరుసల వంక చూశారు, తర్వాత వెనక్కి తిరిగి, మెల్లగా చుట్టూ నడిచి, గీసిన వాలుదారి మీదుగా ద్వారంలోంచి లోపలికి వచ్చారు. వెంటున్న ఉద్యోగులూ ఆయన వెనకే తిరిగి వచ్చారు. లోపలికి వచ్చాక ఆయన నన్ను పిలిపించి, ఇది ఎక్కడ, అది ఎక్కడ అని అడిగి, ప్రతి వరుసా తిరిగి చూశారు. ఇంత ఎత్తు ఎందుకమ్మా అంటే నేను జవాబు చెప్పబోయేలోపే చిన్నమ్మ, ఆ రోజు నీళ్లు తన నడుము మీద ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించింది. ఆయన మరి ఆ ప్రశ్న అడగలేదు. పోతూ పోతూ బీరకాయలు కొన్నారు, చిన్నమ్మ ఎంత వద్దన్నా డబ్బులిచ్చి కొన్నారు.

స్థలం ఖాళీగా లేదు, అంగడి నడుస్తున్నది అని ఆయన రాసి పంపారు. అంతటితో ఊరుకోక, ఆ రెండు శాఖలవాళ్లనూ మా ఊరికే పిలిపించి, ఆ గీతల మధ్యనే కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు. పగలంతా వాదించుకున్నాక, వేదిక వరద శాఖవాళ్లు కట్టాలి, దానిమీది కప్పు అంగడి శాఖవాళ్లు వేయాలి అని తేలింది. ఇంత చిన్న మాట తేలడానికి అన్నేళ్లు పట్టిందా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, పెద్దసారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత కూడా టెండర్లనీ, ఇసుక రాలేదనీ ఇంకా కొంతకాలం జరిగింది గానీ, మొత్తానికి కట్టడం లేచింది. మరికొన్నేళ్లకు చెరువు మళ్లీ అలుగు దాటి పొంగినప్పుడు ఊరంతా పశువులతో సహా ఆ వాలుదారి మీదుగా పైకెక్కి పొడిగా కూర్చున్నదని కబురు వచ్చింది. అది విన్నరోజును మించిన రోజు నా ఉద్యోగంలో లేదు.

ఒక సంగతి చెప్పడం మరిచాను. అధికారి వెంట వచ్చిన నలుగురిలో మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక కుర్ర ఇంజనీరు ఉన్నాడు. అధికారి నేరుగా గీత మీదికి వస్తుంటే అతనొక్కడు మాత్రం ఎవరూ చెప్పకముందే పక్కకు తిరిగి ద్వారం వైపు నడిచాడట. ఆ కంగారులో నేను గమనించలేదు, చిన్నమ్మ గమనించింది. మా అమ్మ దగ్గరికి పోయి, "అక్కా, ఆ పిలగాడు మన పిల్ల గీసిన గోడకు ఇజ్జతిచ్చిండే, ఇంకేం సూడాలె!" అని చెప్పి, తానే మధ్యలో ఉండి మాటలు నడిపింది. ఆ పెళ్లికి శాఖల మధ్య తగువులేమీ రాలేదు కాబట్టి తొందరగానే అయిపోయింది. మా అరుగు మీద, అదే అంగడి వేదిక మీద, ఇంకా కప్పు పడకముందే మా ఇద్దరికీ ఊరివాళ్లు విందు పెట్టారు.

పెద్దసారు లేరు, చిన్నమ్మ కూడా పోయింది. ఆమె జాగలో ఇప్పుడు ఆమె కోడలు కూర్చుంటుంది, పక్క వరుసలో సగం ఖాళీ, మిగతా సగంలో ఫోను కవర్లు అమ్ముతున్నారు. కూరగాయలు ఇంటి గడపకే వస్తున్నాయి, అనుమతులు కూడా ఆ రోజులంత ఆలస్యం కావడం లేదు, అందుకు సంతోషమే, ఎవరూ మాలాగా ఏళ్ల తరబడి తిరగాలని నేను కోరుకోను. ఆ తర్వాత మా ఆయనా నేనూ కలిసి బడులూ దవాఖానాలూ చాలానే గీశాం, అన్నీ అనుకున్న వేళకు లేచాయి, జనం వచ్చారు, వాడుకున్నారు, పోయారు. కానీ ఇంకా లేవని గోడకు ఆనుకుని కూర్చుని, అది తమదని పోట్లాడి, దాని పక్కన పొద్దుగూకే దాకా నవ్వుకున్న మనుషులను మాత్రం మళ్లీ ఏ స్థలంలోనూ చూడలేదు.