నేను దాచిన గోలీలు

సహోదరులారా, పోయిన ఏడు నా భార్య సుగుణ తార్నాకలో ఒక ఆస్పత్రి మంచం మీద చలిజ్వరంతో వణుకుతుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె అరికాళ్లు రుద్దుతూ, దేవుడు మమ్మల్ని మరిచిపోయాడేమో అనుకున్నాను! డాక్టర్లు చేతులెత్తేశారని, ప్రార్థన ఒక్కటే ఆమెను బతికించిందని తర్వాత ఈ సంఘంలోనే మైకు పట్టుకుని చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు. ఆ సాక్ష్యం సగం అబద్ధం. దాన్ని మోయలేక అలసిపోయి ఇది రాస్తున్నాను.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో సూక్ష్మజీవుల ల్యాబులో అటెండర్‌ని. బ్యాక్టీరియా పెంచిన గాజు పళ్లెంలో మందు బిళ్లలు పెడతారు. బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా చస్తే ఎస్ అని, చావకుండా బిళ్లను ఆనుకుని పెరిగితే ఆర్ అని, ల్యాబులో సార్లు చూసి చెబుతుంటే రిజిస్టరులో రాసేది నేనే. అనవసరంగా మందు మింగితే పేగుల్లో బలహీనమైనవి చచ్చి మొండివి మిగులుతాయని, ఆ మొండితనాన్ని అవి పక్కవాటికీ అందిస్తాయని ఇన్నేళ్లూ వింటూనే ఉన్నాను. విని ఇంటికొచ్చి ఏం చేశాను? డాక్టర్లు రాసిన యాంటీబయాటిక్స్ పూర్తిగా వాడకుండా మిగిలిన గోలీలన్నీ బిస్కెట్ డబ్బాలో దాచాను. "డాక్టర్ సాబ్, కడుపు గడబిడగున్నది, జర రెండు గోలీలియ్యరాదుండ్రి" అని గల్లీవాళ్లు అడిగితే పొంగిపోయి ఇచ్చాను. సుగుణకైతే జలుబు చేసినా, విరేచనాలైనా రెండు గోలీలే, తగ్గగానే బంద్!

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది: "ఈ మధ్య ఇంట్ల యాంటీబయాటిక్స్ ఏమన్న వేసుకున్నదా?"

"లేదు మేడం" అన్నాను. సిగ్గు, సహోదరులారా, సిగ్గు! ఆ మాట నమ్మి ఆమె మామూలు ఇంజెక్షన్ మొదలుపెట్టింది, అది పనిచేయలేదు, రెండు రోజులు వృథాగా పోయాయి, జ్వరం నెత్తికెక్కి సుగుణ నన్ను గుర్తుపట్టడం మానేసింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది. పేగుల్లోని బ్యాక్టీరియా మూత్రంలో చేరి రక్తంలోకి ఎక్కింది. మందుల పేర్ల ఎదురుగా ఆర్, ఆర్, ఆర్... ఎక్కడో కింద ఒక్క ఎస్.

"ప్రభువా, శిక్ష నాకు వెయ్యి, ఈమెకు కాదు" అని వరండాలో గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఒక్క మందే ఆమెను లేపింది. డాక్టర్లు చేతులెత్తేయలేదు. దేవుడు వాళ్ల చేతులతోనే పనిచేశాడు, నా చేతులను క్షమించాడు.

నా సాక్ష్యం విని ఇంటికొచ్చాక సుగుణ అన్నది: "దేవుని సంగతి మంచిగనే చెప్పినవ్, మరి గోలీల సంగతేందయ్యా? గవి గూడ దేవుడే ఇచ్చిండా?" ఆదివారం తర్వాత ఆదివారం పాటలు పాడాను గానీ నోటికి రుచి లేదు.

ఇప్పుడు ఆమె వంట చేస్తుంది, మెట్లెక్కితే ఆయాసపడుతుంది. మళ్లీ జ్వరమొస్తే ఏ మందు పనిచేస్తుందో నాకు తెలియదు. అయినా ఆమె ఉంది. దేవునికే మహిమ! అబద్ధం నుండి నన్ను విడిపించినందుకు ఆయనకు వందనాలు. మీరూ ఆయనను నమ్మండి, నమ్మి నిజం చెప్పండి. నా చేతి గోలీలు మింగినవాళ్లు మీలో ఉంటే, ఆస్పత్రిలో డాక్టరు అడిగిన రోజు సిగ్గుపడకుండా నా పేరు చెప్పండి.